అణువులను తూచే త్రాసు

మూసీనది అంబర్‌పేట, మూసారంబాగుల నడుమగా సాగి, దిల్‌సుఖ్‌నగరునకు, ఎల్.బి. నగరునకు ఉత్తరముగా నాగోలు ప్రక్కనుండి దిగువకు పోవుచున్నది. ఆ నీరు మురికిదని కంటికి, ముక్కునకు తెలియును. అందు ఏ పదార్థములు ఎంతెంత కలిసియున్నవో మాత్రము అవి చెప్పలేవు. అందులకు అణువులనే తూచవలెను. అట్లు తూచు సాధనము ద్రవ్యరాశి వర్ణపటమాపకము. దీనినే మాస్ స్పెక్ట్రోమీటరు అందురు.

కళ్ళములో రైతు ధాన్యమును తూర్పారబట్టుట చూచియే యుందుము. పొట్టు గాలికి దూరముగా కొట్టుకొనిపోవును. బరువైన గింజలు దగ్గరనే పడును. ఈ సాధనములో జరుగునదియు ఇంచుమించు అట్టిదే. మొదట అణువులకు విద్యుదావేశము కలిగించి అయాన్లుగా మార్చుదురు. వాటిని గాలి తీసివేసిన గొట్టములో వేగముగా పంపి, దారిలో అయస్కాంత క్షేత్రము నుంచుదురు. ఒకే ఆవేశము గల అయాన్లలో తేలికవి ఎక్కువగాను, బరువైనవి తక్కువగాను వంగును. అవి చేరిన చోటును బట్టి ద్రవ్యరాశి, చేరిన సంఖ్యను బట్టి పరిమాణము తెలియును. నేటి యంత్రములు పెక్కింటిలో అయస్కాంతమునకు బదులు విద్యుత్ క్షేత్రములే ఈ పని చేయుచున్నవి.

ఈ మార్గముననే జె.జె. థామ్సన్ 1913లో నియాన్ వాయువున 20, 22 ద్రవ్యరాశులు గల రెండు రకముల పరమాణువులను గుర్తించెను. అతని సహాయకుడైన ఆస్టన్ 1919లో మెరుగైన పరికరమును నిర్మించి, 1922లో నోబెల్ బహుమతి నందెను.

వేర్వేరు అణువులకు ఒకే ద్రవ్యరాశి ఉండవచ్చును గదా, గుర్తించుట ఎట్లు? అణువును పగులగొట్టి ముక్కలను గూడ తూచుదురు. సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ మందు అణుభారము సుమారు 331. దానికొక ప్రోటాను చేరగా ఏర్పడు అయాను 332 వద్ద కనబడును. దాని నుండి 18 భారము గల నీరు ఊడిపోయిన 314, 44 భారము గల కార్బన్ డయాక్సైడు ఊడిపోయిన 288 వచ్చును. ఈ సంఖ్యలే ఆ మందునకు వేలిముద్రలు.

నగరమునకు వాయవ్యమున, పటాన్‌చెరులో, ఔషధ కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధి చేయు కేంద్రము కలదు. దాని నుండి వెలువడిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్సన్, అతని సహచరులు ఇట్టి సాధనముతో పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉండెను. కొన్ని బాక్టీరియాలకు హాని చేయు మోతాదు కంటె ఇది వేయి రెట్లకు మించినది. తరువాత ఆ కేంద్రపు నీటిని గొట్టముల ద్వారా అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రమునకు మళ్ళించిరి. అక్కడ శుద్ధియైన నీరు కలియునది మూసీలోనే.

మందు కలిసిన నీటిలో, ఆ మందును తట్టుకొనగల బాక్టీరియాలే మిగిలి వృద్ధి చెందును. ఆ శక్తి రోగకారక బాక్టీరియాలకు సంక్రమించినచో వైద్యుడిచ్చు మాత్ర పనిచేయదు. కావున ఏ మందు, ఏ చోట, ఎంత కలియుచున్నదో తెలిసికొనుట ప్రజారోగ్యమునకు అవసరము.

హైదరాబాదులోనే తార్నాకయందలి రసాయన సాంకేతిక సంస్థ అణువుల నిర్మాణమును, హబ్సిగూడయందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శిలల వయస్సును ఇట్టి యంత్రములతో నిర్ణయించుచున్నవి. శిలయైనను, ఔషధమైనను, మురుగునీరైనను పద్ధతి ఒక్కటే: అయానుగా మార్చుట, వేరుచేయుట, లెక్కించుట.