నాణెములు సేకరించువారు నోరేల విప్పరు?

నాణెములు సేకరించువారి సమాజము ఏ యూర నున్నను దాని తీరు ఒక్కటే. నెలకొకసారి పదిమందియో ఇరువదిమందియో కూడుదురు. బల్లమీద వెండి రూపాయలు, రాగి డబ్బులు, సీసపు బిళ్ళలు పఱతురు. ముగ్గురో నలుగురో మాటాడుదురు. తక్కినవారు వినుచు కూర్చుందురు. చేతికి వచ్చిన నాణెమును త్రిప్పి చూచి ప్రక్కవారి కందింతురు. సభ ముగియగనే నమస్కరించి యింటికి పోవుదురు. ఏండ్లకొలది వచ్చుచున్నను ఒక్క మాటయైన పలుకనివారు అందు కొందఱుందురు. మాటాడువారు వీరినిగూర్చి "వీరి కేమియు తెలియదు" అనియో, "వీరికి శ్రద్ధ లేదు" అనియో తలంతురు. ఈ తలంపు సరికాదని మా యభిప్రాయము. వారు మాటాడకుండుటకు కారణము లున్నవి. ఆ కారణములు మన గృహములకును, అందు ముఖ్యముగ స్త్రీలకును సంబంధించినవి గావున వాని నిచట విచారింప దలచితిమి.

నాణెముల సేకరణము పురుషుల వేడుక యని లోకములో ననుకొందురు. కాని నాణెములను దాచి కాపాడినవారు మాత్రము చాలవఱకు స్త్రీలే. పూజాపెట్టెలో పసుపు కుంకుమల నడుమ నున్న విక్టోరియా రాణి రూపాయి, బిడ్డ మొలత్రాట కట్టిన రాగి కాసు, అత్తగారు కోడలి చేతిలో బెట్టిన చార్మినారు బొమ్మ హాలీ సిక్కా, ఇవన్నియు ఎవరు దాచినవి? కాసులపేరు అను నగ పేరులోనే కాసు అను నాణెమున్నది. కుంఫిణీవారి కాలమున చెన్నపట్టణపు లెక్కలో ఎనుబది కాసు లొక రూక, నలుబదిరెండు రూక లొక వరహా. 1957వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చి అణాలు పోయినను, పావలా, బేడ, కానీ అను మాటలు మన ముసలమ్మల నోట ఇంకను పలుకుచునే యున్నవి. ఇంత దాచినవారు, ఇంత యెఱిగినవారు, సభలో నోరు విప్పకుండుట యేల?

మొదటి కారణము, తమ తెలివి చాలదను భయము. మాటాడువారు టంకశాలల పేర్లు, హిజరీ సంవత్సరములు, రాజుల వరుసలు ధారాళముగ చెప్పుదురు. విన్నవారికి తమ సందేహము మిక్కిలి చిన్నదిగ దోచును. "మా యింటి రెండు రూపాయలలో రాణి బొమ్మ ఒక్కటే, చుట్టునున్న అక్షరములు మాత్రము వేఱు. అదేల?" అని యడుగవలయునని యుండును, నవ్వుదురేమో యని అడుగరు. నిజమునకది మంచి ప్రశ్న. 1862 మొదలు 1876 వఱకు గల తేదీలతో వచ్చిన రూపాయలపై విక్టోరియా "రాణి" యనియే యుండును. 1877 మొదలు "చక్రవర్తిని" యని మార్చిరి. హిందూదేశపు సామ్రాజ్యాధికార చరిత్రలో నొక యధ్యాయ మా రెండు మాటల నడుమ నున్నది.

ఊరక కూర్చున్నవారి కన్నులు పలుమాఱు మాటాడువారి కన్నులకంటె సూక్ష్మముగ నుండును. 1911వ సంవత్సరపు రూపాయిపై అయిదవ జార్జి రాజు ధరించిన పతకములో ఏనుగు బొమ్మ కలదు. దాని తొండము పొట్టిగ నుండుటచే అది పందివలె కనబడుచున్నదని జను లలుక వహించిరి. ప్రభుత్వమువా రా రూపాయలలో చాలవానిని చెలామణిలోనికి రానీయక కరగించి, మఱుసటి యేడు బొమ్మను సవరించిరి. ఈ సంగతిని పండితుడు పుస్తకమున చదివి చెప్పును. రెండు రూపాయలను ప్రక్కప్రక్కన పెట్టుకొని దీపము వెలుగున చూచిన గృహిణి ఏ పుస్తకమును చదువకయే కనుగొనగలదు. కనుగొనియు చెప్పకున్నచో ఆ చూపు ఆమెతోనే యుండిపోవును.

రెండవ కారణము, భద్రత. ఇంట వెండి బంగారము లున్నవని నలుగురిలో జెప్పుట ఏ గృహిణికిని ఇష్టముండదు. ఆ మాట ఈ చెవినుండి ఆ చెవికి పోయి, దొంగలకును, అప్పడుగు బంధువులకును, చవుకగ కొనజూచు వర్తకులకును చేరును. ఇది పిఱికితనము కాదు, వివేకము. అయితే నాణెమునుగూర్చి మాటాడుట వేఱు, అది యెచట నున్నదో, ఎన్ని యున్నవో చెప్పుట వేఱు. లోతైన సంగతి నంతయు నాణెముయొక్క బొమ్మను జూపియే తెలిసికొనవచ్చును. పెట్టె తాళముల ఊసెత్త నక్కఱలేదు.

మూడవది, చట్టము భయము. "పాత నాణెములున్నవని తెలిసినచో సర్కారువారు పట్టుకొని పోవుదురు" అను మాట పల్లెలలో నేటికిని వినబడుచున్నది. ఇందు కొంత నిజమును, చాల అపోహయు నున్నవి. 1878వ సంవత్సరపు నిధుల చట్టము నేలలోనో, నేల నంటియున్న గోడ మొదలగువానిలోనో దాగియుండి బయల్పడిన సొత్తునుగూర్చి చేయబడినది. దాని విలువ పది రూపాయలకు మించినచో, దొరకినవారు కలెక్టరునకు వ్రాతమూలముగ తెలుపవలయును. దాచుటయు, కరగించుటయు నేరము. తెలిపినవారికి ఆ చట్టములోనే హక్కులు చెప్పబడియున్నవి. కాని తాతమ్మ పెట్టెలో తరతరములుగ వచ్చిన రూపాయలు నేలలో దొరకిన నిధి కాదు. వానిని కలిగియుండుట తప్పు కాదు. 1972వ సంవత్సరపు పురావస్తువుల చట్టమును మాత్రము విదేశములందు బిడ్డలున్న తల్లులు తప్పక గుర్తుంచుకొనవలయును. నూఱు సంవత్సరములు దాటిన నాణెములు పురావస్తువులుగ నెంచబడును. వానిని సొంతముగ దేశము దాటించుట కూడదు. సముద్రముల కావల నున్న కూతురికి ముద్దుగ పంపదలచిన పాత వరహాల విషయమున ఈ జాగ్రత్త యవసరము.

నాలుగవ కారణము, ఒక్క పరుషవాక్యము. ఎవరో యొకరు ఎంతో ధైర్యము తెచ్చుకొని, కొంగున ముడివేసికొని వచ్చిన నాణెమును బల్లమీద పెట్టుదురు. అనుభవశాలి దానిని ఒక్క క్షణము చూచి, "ఇది పోతపోసిన నకిలీ, దీనికి విలువ లేదు" అని ప్రక్కకు త్రోయును. ఆయన మాట నిజమే కావచ్చును. కాని ఆ నాణెము చనిపోయిన తల్లి యిచ్చినది కావచ్చును గదా! అది మొదలు ఆ మనిషి మఱి నోరు విప్పదు. ఆమెను జూచి మఱి నలుగురును విప్పరు. నకిలీ యని చెప్పుటకును ఒక తీరున్నది. "ఇటు చూడుడమ్మా, అంచున సన్నని అతుకు గీత కనబడుచున్నది, అక్షరముల మొనలు మొద్దుగ నున్నవి, తూకము తక్కువ యున్నది" అని చూపినచో, వచ్చినామె ఒక నాణెమును పోగొట్టుకొన్నను ఒక విద్యను సంపాదించుకొని పోవును.

అయిదవది లాభాపేక్ష. కొందఱు మాటాడకుండుట బిడియముచేత కాదు, లెక్కచేత. ఏ సంతలో ఏ కంచరి యొద్ద పాత రాగి దొరకునో తెలిసినవాడు దానిని చెప్పడు. చెప్పినచో మఱునాడు పదిమంది అచటికి పోవుదురు. అరుదైన నాణెమును గుర్తించియు, అమ్మువాని కది తెలియకుండుటకై పెదవి కదల్పనివాడు నున్నాడు. ఇట్టి మౌనమును మేము మెచ్చజాలము. కాని ఇట్టివారు కొలదిమంది. వీరిని జూచి తక్కినవారి నందఱను అనుమానించుట తగదు.

ఆఱవది యన్నిటికంటె సామాన్యమైనది. వినుటతోనే వారికి తృప్తి కలుగుచున్నది. పురాణము చెప్పుచోట అందఱును పురాణము చెప్పరు గదా! వినువారు లేనిచో చెప్పువా రుండుటకే వీలులేదు. విన్నదానిని ఇంటికి పోయి తన పెట్టెలోని నాణెములతో పోల్చి చూచుకొనువారు సమాజమునకు బరువు కారు, బలము. కావున మౌనమెల్ల దోషమని మేము చెప్పుట లేదు.

అట్లయినచో ఈ విచార మంతయు ఎందుకు? మౌనమువలన పోవునది యొకటున్నది గనుక. నాణెమునకు లోహపు విలువ యొకటి, చరిత్ర విలువ యొకటి. లోహము విలువను కంసాలి త్రాసు చెప్పును. చరిత్ర విలువ మాత్రము "ఇది ఎచట దొరకినది, ఎవరియొద్దనుండి వచ్చినది, దీనితో పాటు మఱేమి యున్నవి" అను మూడు ప్రశ్నల సమాధానములపై నాధారపడును. ఆ సమాధానములు నాణెముపై చెక్కబడి యుండవు; దాచిన మనిషి జ్ఞాపకములో మాత్రమే యుండును. ఆ మనిషి చెప్పక పోయినచో, కుమారుడు కంసాలికి అమ్మును, కంసాలి కరగించును. ఒక్క నాటి నిప్పులో రెండువేల యేండ్ల వార్త బూడిదయగును.

గోదావరి యొడ్డున నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాల దీనికి నిదర్శనము. ఆ చిన్న యూరి నేలపై దొరకిన రాగి, సీసపు బిళ్ళలు పురావస్తుశాఖకు చెందిన పరబ్రహ్మశాస్త్రిగారి దృష్టికి వచ్చినవి. ఆయన వానిపై నున్న బ్రాహ్మీ లిపిని చదివి ప్రకటించిరి. చరిత్ర గ్రంథములలో అంతకుమున్ను కానరాని గోబద, సమగోప మొదలగు ప్రభువుల పేర్లు బయటికి వచ్చినవి. సాతవాహన వంశమునకు మూలపురుషుడని పురాణములు చెప్పు సిముకుని నాణెములును అచటనే దొరకినవి. పిమ్మట ఆ దిబ్బను త్రవ్వి చూచిరి. తెలుగుదేశపు తొలి చరిత్రలో ఒక పుట ఇట్లు నిండినది. దొరకినవారు "ఎందుకు వచ్చిన గొడవ" యని ఆ బిళ్ళలను కంచరికి వేసియున్నచో, ఆ పేర్లు చెంబుగనో గరిటెగనో మాఱి యెవరి వంటయింటనో పడియుండెడివి.

స్త్రీలు ఈ విద్యకు తగరని యెవరైన ననినచో వారికి హెలెన్ ఫర్కహార్ అను ఆంగ్లవనిత పేరు చెప్పవలయును. 1903లో లండనులో బ్రిటిషు నాణక సమాజము ఏర్పడిన తొలినాళ్ళనుండియు ఆమె అందు సభ్యురాలు. రాజు చేతితో తాకి గండమాల రోగుల మెడలో వేయుచుండిన బంగారు బిళ్ళలనుగూర్చి ఆమె విపులముగ వ్రాసెను. మన తల్లులు బిడ్డల మెడలో నాణెము కట్టుటకును, దానికిని ఎంతటి పోలికయో చూడుడు! మన యిండ్లలోను అట్టి విషయములు కోకొల్లలుగ నున్నవి. వ్రాయువారే కఱవు.

కావున మాటాడువారికి మా మనవి యిది. సభలో క్రొత్తవారిని ముందుగ అడుగుడు. పండితులను పిదప అడుగుడు. "తెలిసినది చెప్పుడు" అనవలదు. "మీరు చూచినది చెప్పుడు" అనుడు. ధర మాట మొదట ఎత్తకుడు. మాట రానివారు చీటి వ్రాసి యిచ్చినను చాలు, దానిని చదివి బదులు చెప్పుడు.

మౌనముగ నుండు సోదరీమణులకు మా మనవి మఱియు చిన్నది. సభలో లేచి నిలువబడుట మీకు కష్టమైనచో నిలువబడవలదు. ఒక చిన్న పుస్తకము కుట్టుకొని, నాణెమునకు ఒక పుట చొప్పున ఇట్లు వ్రాయుడు: ఎవరిచ్చిరి, ఏ యూరినుండి వచ్చినది, ఏ సందర్భమున దాచితిరి, రెండు వైపుల ఏ బొమ్మ, ఏ అక్షరము లున్నవి, తూక మెంత. తూకము చూచుట మీకు క్రొత్త కాదు. 1835 నాటి రూపాయి తూకము నూట యెనుబది గ్రెయినులు. అదియే మన తులము, అనగా సుమారు 11.66 గ్రాములు. అందు పండ్రెండింట పదునొకండు పాళ్ళు వెండి. 1940లో అది సగమునకు తగ్గినది. 1947లో వెండియే లేక నికెలు రూపాయి వచ్చినది. ఈ లెక్క తెలిసిన గృహిణిని ఏ వర్తకుడును సులభముగ మోసగింపజాలడు. అక్షరములకును భయపడ నక్కఱలేదు. అయిదవ జార్జి నాటి నికెలు అణాపై మన తెలుగు లిపియే యున్నది. చెన్నపట్టణపు కుంఫిణీ రూకలపైనను తెలుగు కలదు.

మఱియొక మాట. పండుగకు పాత్రలతో పాటు నాణెములను చింతపండుతోను, ముగ్గుపొడితోను తోమకుడు. ఆ నల్లని పొరయే దాని వయస్సునకు సాక్ష్యము. తోమినచో అక్షరము లరుగును, విలువ పోవును. అంచున మాత్రము పట్టుకొనుడు. మెత్తని ప్లాస్టికు సంచులలో కాక, పొడి కాగితపు పొట్లములలో విడివిడిగ పెట్టుడు. పొట్లముపై పుస్తకములోని పుట సంఖ్య వేయుడు.

ఇంతమాత్రము చేసినచో మీరు సభలో ఒక్క మాటయు పలుకకున్నను చింత లేదు. రేపు మీ మనుమరాలు ఆ పెట్టెను తెఱచినపుడు ఆమె చేతికి వెండి ముక్కలు కాక, ఒక యింటి చరిత్ర దొరకును. దానిని కంసాలి యొద్దకు కొనిపోవుటకు ముందు ఆమె ఒక్కసారి చదువును. చదివిన పిమ్మట కొనిపోదని మా నమ్మకము.