రక్తంలో బొగ్గుపులుసు వాయువు

ఊపిరి అనగానే మనకు ప్రాణవాయువే గుర్తుకొస్తుంది. పీల్చేదాని మీద ఉన్న శ్రద్ధ వదిలేదాని మీద ఉండదు. పొయ్యి మండడం ఎంత ముఖ్యమో, పొగ బయటికి పోవడమూ అంతే ముఖ్యం కదూ! తిన్న అన్నం ఒంట్లో శక్తిగా మారేటప్పుడు పుట్టే పొగలాంటిదే బొగ్గుపులుసు వాయువు. డాక్టర్లు కార్బన్ డయాక్సైడ్ అంటారు. రక్తం దాన్ని మోసుకెళ్ళి ఊపిరితిత్తులకు అప్పగించాలి.

ఈ మోత మూడు విధాలుగా సాగుతుంది. గోలీసోడాలో గ్యాసు కరిగి ఉన్నట్టే, నూటికి 5 నుంచి 10 పాళ్ళు రక్తంలో కరిగి ఉంటుంది. మరో 20 పాళ్ళకు అటూ ఇటూగా ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకుని పోతుంది. మిగిలిన పెద్ద భాగం, సుమారు 70 పాళ్ళు, వేషం మార్చుకుంటుంది. ఎర్ర కణంలోని ఒక ఎంజైము వాయువునూ నీటినీ క్షణంలో కలిపి ఆమ్లంగా చేస్తుంది. ఆ ఆమ్లం విడిపోతే బైకార్బొనేట్ వస్తుంది. మన వంటసోడాలో ఉన్నది ఇదే. వంటసోడా మీద నిమ్మరసం పిండితే బుసబుస పొంగుతుంది చూడండి, ఆ నురగలో ఉన్నది బొగ్గుపులుసు వాయువే. ఊపిరితిత్తుల్లోనూ బైకార్బొనేట్ తిరిగి వాయువై, ఊపిరితో వెళ్ళిపోతుంది.

ఊపిరి సరిగా ఆడకపోతే వాయువు లోపలే పేరుకుని, రక్తంలో ఆమ్లగుణం పెరుగుతుంది. తెల్లవారి లేవగానే తలనొప్పి, పగలంతా మగత, మాట తికమక, చాచిన చేతులు అదరడం, ముదిరితే స్పృహ తప్పడం... ఇవీ లక్షణాలు.

దీన్ని కొలవడం ఎంత అవసరమో 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో తెలిసొచ్చింది. పోలియో విజృంభించి, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడి జనం చనిపోతున్నారు. వాళ్ళ రక్తంలో బైకార్బొనేట్ బాగా ఎక్కువగా కనబడేది. క్షారగుణం పెరిగిందని డాక్టర్లు అనుకున్నారు. మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ మాత్రం, వాయువు బయటికి పోలేక పేరుకుందని గ్రహించాడు. పన్నెండేళ్ళ పిల్ల గొంతులో గొట్టం అమర్చి, రబ్బరు సంచీ నొక్కి గాలి ఆడించి నిరూపించాడు. ఆ తర్వాత వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని రాత్రింబగళ్ళు చేత్తో సంచులు నొక్కి ఎందరినో బతికించారు.

1954లో అమెరికాలో రిచర్డ్ స్టో ఈ వాయువును సూటిగా కొలిచే సాధనాన్ని సూచించాడు. జాన్ సెవరింగ్‌హౌస్ దాన్ని తీర్చిదిద్దాడు. రక్తంలోని వాయువు ఒక పల్చటి పొరలోంచి అవతలి ద్రావణంలోకి దూరి, దాని ఆమ్లగుణాన్ని మారుస్తుంది. ఆ మార్పును బట్టే లెక్క.

ఈ పరీక్షకు సాధారణంగా మణికట్టు దగ్గర, నాడి కొట్టుకునే ధమనిలోంచి రక్తం తీస్తారు. మామూలు రక్తపరీక్ష కంటే నొప్పి ఎక్కువే. తీశాక అయిదు నిమిషాలైనా అక్కడ గట్టిగా అదిమి పట్టాలి. వాయువు పీడనం 35 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సరిగా ఉన్నట్టు. రిపోర్టులో బైకార్బొనేట్ అంకె వేరే ఉంటుంది. రెండూ ఒకటి కావు సుమా! వాయువు చాలాకాలంగా పేరుకున్నా బైకార్బొనేట్ పెరుగుతుంది, వాంతులు ఎక్కువైనా పెరుగుతుంది. ఏది ఎందుకో తేల్చాల్సింది డాక్టరే.

ఇక ముఖ్యమైన సంగతి. వేలికి తగిలించే క్లిప్పు ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉంటోంది. అది చూపేది ప్రాణవాయువునే, బొగ్గుపులుసు వాయువు సంగతి దానికి తెలియదు. పొగతాగడం వల్లో, కట్టెలపొయ్యి పొగ వల్లో ఊపిరితిత్తులు దెబ్బతిని, ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునే పెద్దలకు చాలాసార్లు డాక్టర్లు క్లిప్పు మీద 88 నుంచి 92 ఉంటే చాలంటారు. "అయ్యో, మామయ్యగారికి తక్కువుందే" అని మనం మీట తిప్పి 98కి తెస్తే, అంకె అందంగానే ఉంటుంది, లోపల వాయువు పేరుకుపోవచ్చు. అందుకని మీ ఇంటి పెద్దలకు ఎంత ఉండాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. మీట సొంతంగా పెంచకండి, భయపడి ఆపేయనూ వద్దు. క్లిప్పు మీద అంకె బాగున్నా మనిషి మగతగా, తికమకగా ఉంటే నిద్రలే అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.