దూరాన ఉన్న బిడ్డకు ఇంటి కబురు

పోయిన నెలలో ఒకరోజు అస్ర్ నమాజ్ తరువాత పిల్లలు రిహాళ్ళను గోడవారకు సర్దుతుండగా ఒక తండ్రి మా మదరసాకు వచ్చారు. కల్వకుర్తి దగ్గరి పల్లెలో నాలుగెకరాల వేరుశనగ చేను ఉన్న రైతు. ఆయన కుమారుడు మా దగ్గరే చదువుకుని, నాలుగు నెలల కోసం జమాఅత్‌తో బయలుదేరి, ఇప్పుడు బీహార్‌లో ఉన్నాడు. ఆ నాలుగు నెలలూ ఫోన్ ముట్టనని ఆ అబ్బాయి నియమం పెట్టుకున్నాడు. "మౌలానా సాబ్, మీరే ఒక ఉత్తరం వ్రాసిపెట్టండి. అంతా ఖైరియత్ అని వ్రాయండి, చాలు" అన్నారాయన.

అంతా ఖైరియతేనా అని అడిగాను. కొంతసేపు నేల చూశారు. బోరు ఎండిపోయిందనీ, పాడి బర్రెను అమ్మేశామనీ, అబ్బాయి తల్లికి కంటి ఆపరేషన్ చేయాలన్నారనీ ఒక్కొక్కటిగా చెప్పారు. "అవన్నీ వాడికెందుకు? దీన్ పనిలో ఉన్నాడు. మనసు చెదురుతుంది" అన్నారు.

ఆ మాట నాకు కొత్త కాదు. మూడేళ్ళ క్రితం నేను కూడా అదే అనుకున్నాను.

మా రెండవ కుమారుడు ఆలిమ్ చదువు పూర్తిచేసి శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న ఊరికి వెళ్ళాడు. అక్కడ ఉన్నవి పదకొండు ముస్లిం ఇళ్ళు. పిల్లలకు ఖాయిదా, పెద్దలకు సూరె ఫాతిహా నేర్పుతూ, అడిగిన హైందవ సోదరులకు తెలుగులోనే ఇస్లాంను పరిచయం చేస్తూ అక్కడే ఉండిపోయాడు. వాడిని పెంచింది మా అమ్మ. వాడి దాదీ. ఆమె మంచం పట్టిన నలభై రోజులూ మేము వాడికి నిజం చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "దాదీ నిద్రపోతోంది", "దాదీ నమాజులో ఉంది" అంటూ దాటవేశాం. ఆమె అల్లాహ్ సన్నిధికి చేరిన తరువాతే కబురు పంపాం. వాడు రాత్రంతా రైలులో ప్రయాణించి వచ్చేసరికి ఖనన సంస్కారం అయిపోయింది. ఖబ్రస్తాన్‌లో నిలబడి దుఆ చేశాడు. ఇంటికి వస్తూ దారిలో ఒక్క ప్రశ్న అడిగాడు: "అబ్బా, దాదీ నన్ను అడిగిందా?"

అడిగింది. ప్రతిరోజూ అడిగింది. వాడికి పనులున్నాయని ఆమెకూ అబద్ధమే చెప్పాం.

ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు సత్యం పలకమని బోధిస్తున్నవాణ్ణి, ఇంట్లో రెండువైపులా అబద్ధం చెప్పాను. పైగా దానికి దీన్ సేవ అని పేరు పెట్టుకున్నాను. ఆ తరువాత నేను పాత గ్రంథాలను ఈ ఒక్క విషయం కోసమే మళ్ళీ తిరగేశాను.

హజ్రత్ యాఖూబ్ (అలై) వృత్తాంతం మనకు తెలిసినదే. కుమారుడు యూసుఫ్ (అలై) కబురు లేని దుఃఖంతో ఆయన కళ్ళు తెల్లబడ్డాయని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. చూపును తిరిగి తెచ్చింది ఒక చొక్కా. ఈజిప్టు నుంచి వచ్చిన కుమారుని చొక్కా. ఆయన దైవప్రవక్త, అల్లాహ్ కారుణ్యం పట్ల ఆయనకు నిరాశ లేదు. అయినా బిడ్డ కబురు కోసం ఆయన ఏడ్చారు. బిడ్డ కోసం కన్నీరు పెట్టడం ఈమాన్ లోపం కాదని ఇంతకంటే స్పష్టంగా మనకు ఎవరు చెప్పాలి?

చరిత్రకారులు నమోదు చేసిన మరో వృత్తాంతం మన ఇళ్ళలో అంతగా వినిపించదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో కిలాబ్ అనే యువకుడు, తండ్రి ఉమయ్యా ముసలివాడై ఉండగా, సైన్యంతో దూరదేశం వెళ్ళాడు. తండ్రి కవి. కుమారుని ఎడబాటుతో కుమిలిపోతూ కవితలు చెప్పాడు. అవి ఖలీఫా చెవిన పడ్డాయి. ఆయన కిలాబ్‌ను వెనక్కి పిలిపించి, తండ్రికి ఏ సేవ చేసేవాడివని అడిగారు. మంచి ఒంటెను ఎంచుకుని, దాని పొదుగు కడిగి, పాలు పితికి తాగించేవాణ్ణని అతడు చెప్పాడు. అలాగే పితకమన్నారు. తరువాత ఆ ముసలి తండ్రిని రప్పించి, కుమారుడు వచ్చాడని చెప్పకుండానే పాలగిన్నెను చేతికిచ్చారు. నోటిదాకా తెచ్చుకున్న తండ్రి, ఇందులో నా కిలాబ్ చేతుల వాసన వస్తోందన్నాడు. హజ్రత్ ఉమర్ (రజి) ఏడ్చేశారు. తల్లిదండ్రులు బ్రతికి ఉన్నంతకాలం వారి దగ్గరే ఉండమని కిలాబ్‌ను ఆదేశించారు.

తల్లిదండ్రులను ఏడిపించి హిజ్రత్ కోసం వచ్చానన్న వ్యక్తిని, తిరిగి వెళ్ళి వారిని నవ్వించమని దైవప్రవక్త (స) పంపివేసిన హదీసు కూడా ఇక్కడ జ్ఞాపకం వస్తుంది. కనుక దూరం వెళ్ళే బిడ్డకు మనం ఇవ్వవలసిన మొదటి కానుక ప్రయాణపు ఖర్చు కాదు, మనస్ఫూర్తి అయిన అనుమతి. పైకి సరేనని లోపల కుములుతూ ఉంటే ఆ బిడ్డ కాళ్ళకు మనమే తాడు కట్టినట్టు.

అలా మనస్ఫూర్తిగా బిడ్డను ధర్మానికి ఇచ్చిన ఒక తల్లిని తలచుకుందాం. మౌలానా అబుల్ హసన్ అలీ నద్వీ (రహ్మ)ను ప్రపంచమంతా ఎరుగును. ఆయన తండ్రి హకీమ్ సయ్యిద్ అబ్దుల్ హయ్ 1923లో మరణించేనాటికి ఆయన చిన్న పిల్లవాడు. తల్లి ఖైరున్నిసా సాహిబా హాఫిజా, కవయిత్రి కూడా. కుమారుడు లక్నోలో చదువు, ఆమె రాయబరేలీలో కాపురం. మధ్యనున్న దూరం ఎనభై కిలోమీటర్లే అయినా ఆ రోజుల్లో అది ఉత్తరాల దూరం. యువకుని మనసు ఇంగ్లీషు చదువుల వైపు మళ్ళుతోందని తెలిసినప్పుడు, ఆ తల్లి వ్రాసిన ఉత్తరాలు ఆయన జీవితానికి దారి చూపాయి. వితంతువు. పెద్ద ఉద్యోగం చేసే కుమారుడు ఉంటే ఇంటికి ఎంత నిబ్బరమో ఆమెకు తెలియదా? తెలిసే ధర్మవిద్యను కోరింది. ఆమె 1968లో మరణించారు. ఆమె స్మృతిలో ఆయన 'జిక్రె ఖైర్' అనే పుస్తకం వ్రాశారు.

మన హైదరాబాద్ బిడ్డ డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ సంగతి వేరు. 1948లో స్వస్థలం విడిచినవారు, దశాబ్దాల పాటు పారిస్‌లో ఒంటరిగా నివసిస్తూ, ఖుర్ఆన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించి 1959లో ప్రచురించారు. 2002లో అమెరికాలో కన్నుమూశారు. దైవప్రవక్త (స) వ్రాయించిన లేఖలను, ఒప్పందాలను సేకరించి గ్రంథస్థం చేసిన పండితుడాయన. ఆయన పుస్తకం తెరిచినప్పుడల్లా, ఈయన పేర ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం ఆ గదిలో ఎలా విప్పబడి ఉంటుందోనని నాకు ఆలోచన వస్తుంది.

ఉత్తరాల విలువ మా నేలకు చెప్పనక్కరలేదు. పాలమూరు కూలీలు బొంబాయికీ పూణేకూ వలసపోయిన ఇళ్ళల్లో, నేను చిన్నప్పుడు ఎన్నో ఉత్తరాలు చదివిపెట్టాను. తెలుగు ఉత్తరాలు 'ఉభయకుశలోపరి' అని, ఉర్దూ ఉత్తరాలు 'ఖైరియత్' అని మొదలయ్యేవి. ముసలి తల్లులు ఆ మొదటి వాక్యాన్ని వినేవారే కాదు. "తరువాత ఏముందో చదువు బిడ్డా" అనేవారు. ఇప్పుడు వీడియో కాల్ ఉంది. సగం సేపు ఇంటి పైకప్పు, తిరిగే ఫ్యాను కనిపిస్తాయి. "తిన్నావా, తిన్నాను"తో అది ముగుస్తుంది.

అందుకే నేను నెలకొక ఉత్తరం వ్రాస్తున్నాను. మొన్నటి ఉత్తరంలో మా కుమారునికి వ్రాసినది ఇది: "నాయనా, మర్రిగూడలో నానీకి మోకాళ్ళు ఇక వంగడం లేదు. ఆ ఊరి పాత బోరు నీళ్ళ ఫ్లోరిన్ ఎముకల్లో నిలిచిపోయింది. కుర్చీలో కూర్చుని నమాజ్ చేస్తోంది, నేల మీద సజ్దా లేదని బాధపడుతోంది. నీవు ఫోన్ చేసి, ఆమె నమాజ్ సంపూర్ణమేనని నీ నోటితో చెప్పు. నా మాట నమ్మడం లేదు. దేవరకొండలో మీ ఖాలా వాళ్ళ బత్తాయి తోట సగం ఎండింది. చెల్లి ఇరవై రెండవ పారాలో ఉంది. మీ అమ్మీకి షుగర్ పెరిగింది, మందులు వాడుతోంది, ప్రమాదం లేదు. ప్రమాదం ఉంటే ఆ మాటే వ్రాస్తాను. నీవు రాయని ఒక సంగతి నీ గొంతులో వినిపించింది: ఏడాదిగా అంతమందే వస్తున్నారని దిగులు పడుతున్నావు. హజ్రత్ నూహ్ (అలై) తొమ్మిది వందల యాభై ఏళ్ళు పిలిచారు, విశ్వసించినవారు కొందరే. లెక్క నీది కాదు. హజ్రత్ లుఖ్మాన్ కుమారునికి చేసిన హితబోధలో మూడుసార్లు 'నా చిన్ని కుమారా' అని పిలవడం, చివరకు గొంతు తగ్గించి మాట్లాడమనడం మళ్ళీ ఒకసారి చదువు. ఊరివాళ్ళ ముందు నీ గొంతు పెరుగుతోందని విన్నాను."

ఆ రైతుకు ఇదంతా చెప్పలేదు. దాదీని గురించి మాత్రం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కాగితం నావైపు జరిపి, "వ్రాయండి" అన్నారు. బోరు సంగతి వ్రాశాను. కంటి ఆపరేషన్ సంగతి, దాని తేదీ ఇంకా నిర్ణయం కాలేదన్న సంగతి వ్రాశాను. తల్లి అనుమతి పూర్తిగా ఉందనీ, నాలుగు నెలలూ పూర్తిచేసుకునే రమ్మందనీ వ్రాయమన్నారు, అదీ వ్రాశాను. బీహార్ వెళ్ళే మరో జమాఅత్ చేతికి ఇద్దామని కవరు అంటిస్తుండగా ఆయన నా చేయి పట్టుకుని ఆపారు.

"బర్రెను అమ్మినం గాని, పడ్డను అమ్మలేదని వ్రాయండి మౌలానా. వాడే పేరు పెట్టిండు దానికి."