బాకీల పట్టికను సార్ట్ చేయునపుడు వచ్చే చిక్కులు

ఎరువులు, విత్తనములు అరువుకు ఇచ్చే డీలర్లలో పలువురు నేడు బాకీల పట్టికను కంప్యూటరులో, ఎక్సెల్ నందు ఉంచుకొంటున్నారు. రైతు పేరు, ఊరు, బిల్లు తేదీ, బాకీ మొత్తము అని నాలుగు నిలువు వరుసలు. పంట చేతికందే వేళ పెద్ద బాకీలు పైకి వచ్చేటట్లు ఆ పట్టికను సార్ట్ చేయుట పరిపాటి. ఇందులో చిన్న పొరపాటు జరిగినా ఒకరి బాకీ వేరొకరి పేరున చేరగలదని మీరు గమనించవలెను.

అది ఎట్లు జరుగుతుందో చూడండి. బాకీ ఉన్న నిలువు వరుసను మాత్రమే ఎంచుకొని సార్ట్ చేయబోతే ఎక్సెల్ ఒక హెచ్చరిక చూపుతుంది. అందులో 'ఎక్స్‌పాండ్ ది సెలక్షన్' అను దానిని ఎంచుకొంటే పేరు, ఊరు, తేదీ కూడ బాకీతో పాటు కదులుతాయి. 'కంటిన్యూ విత్ ది కరెంట్ సెలక్షన్' ఎంచుకొంటే అంకెలు మాత్రమే కదిలి, పేర్లు ఉన్నచోటనే నిలిచిపోతాయి. 4,000 రూపాయలు ఇవ్వవలసిన రైతు పేరు ఎదుట 40,000 కనబడవచ్చును. చిత్రమేమనగా, అడుగున వేసిన కూడిక ఒక్క రూపాయి కూడ మారదు. కనుక మొత్తము సరిపోయినదని నిశ్చింతగా ఉండుట తగదు. సార్ట్ చేసిన పిదప నాలుగైదు పేర్లను బిల్లు పుస్తకముతో సరిచూడండి. తేడా కనబడితే వెంటనే కంట్రోల్, జెడ్ మీటలను కలిపి నొక్కండి, పట్టిక పూర్వస్థితికి వస్తుంది. ఫైలును భద్రపరచి మూసివేసిన తరువాత ఆ అవకాశము ఉండదు. అందువలన ముందుగానే ఫైలుకు ఒక నకలు తీసి ఉంచుట మేలు.

పేర్లకు, బాకీలకు నడుమ ఒక నిలువు వరుసను పూర్తిగా ఖాళీగా వదిలినా ఇదే ముప్పు. ఆ ఖాళీ వద్దనే పట్టిక ముగిసినదని ఎక్సెల్ భావిస్తుంది. అవతలనున్న పేర్లను గురించి హెచ్చరిక కూడ రాదు. అడుగున కూడికకు ముందు ఒక అడ్డు వరుసను ఖాళీగా వదలుట మాత్రము మంచిదే. లేనిచో కూడిక కూడ ఒక బాకీయై పట్టిక నెత్తికెక్కుతుంది!

మరొక చిక్కు, 12,000 కంటె 9,000 పెద్దదన్నట్లు పైన నిలుచుట. అంకెల గడిలో 'బాకీ' అనో, 'రూపాయలు' అనో మాట చేర్చితే ఎక్సెల్ దానిని సంఖ్యగా కాక అక్షరములుగా చదువుతుంది. మొదటి అక్షరమును బట్టి చూస్తే 1 కంటె 9 తరువాతిదే కదా. సాధారణముగా సంఖ్యలు గడిలో కుడివైపునకు, అక్షరములు ఎడమవైపునకు ఒదిగి ఉంటాయి. ఆ గుర్తుతో తప్పును పట్టుకొని, గడిలో అంకెలు మాత్రమే ఉంచండి.

తేదీల విషయము ఇంకను సున్నితమైనది. కంప్యూటరును నెల ముందు, రోజు తరువాత చదివే అమెరికా పద్ధతిలో అమర్చి ఉంటే, మీరు 05/06/2024 అని రాసిన జూన్ 5వ తేదీ మే 6 అవుతుంది. 25/06/2024 అని రాస్తే, 25వ నెల లేదు కనుక, అది ఉత్త అక్షరములుగా మిగిలిపోయి వరుస తప్పుతుంది. తేదీని బట్టి వడ్డీ కట్టే చోట నెల రోజుల తేడా స్వల్పమైనది కాదు. తేదీలలో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు కనబడితే అనుమానించి, అమరికను మన దేశపు పద్ధతికి మార్చి, తప్పిన తేదీలను తిరిగి రాయండి.

అరువు తీసుకొన్న రైతు సోదరులు కూడ, కంప్యూటరు చూపిన బాకీ తమ బిల్లుతో సరిపోనిచో, ఆ అడ్డు వరుస మొత్తమును చూపమని డీలరును అడగవచ్చును. పేరు, తేదీ మీవై, సొమ్ము మాత్రము మీది కానిచో, సార్ట్ చేయుటలోనే పొరపాటు జరిగి ఉండవచ్చును.