మంచుసీమలును మన సీమయు

ధనుర్మాసము ప్రవేశించినది మొదలు మా కర్నూలు, కడప సీమల యిల్లాండ్రకు ఒక తెఱపి కలుగును. మే నెలలో 40 డిగ్రీలు దాటిన యెండలో పొయ్యిముందు కూర్చుండి సంగటి కెలికిన చేతులకే యీ చలిదినముల విలువ తెలియును. వేకువనే లేచి కల్లాపి చల్లి ముగ్గు పెట్టుచుండగా వ్రేళ్లు కొంకరలు పోవును. అయినను ప్రక్కయింటివారి ముగ్గుకంటె రెండు చుక్కలు హెచ్చుగా పెట్టనిదే లోపలికి రాము. భోగినాడు నువ్వులద్దిన సద్దరొట్టె, అనపగింజల కూర, గడ్డపెరుగు ఉన్నచో అంతకు మించిన విందు మా యెఱుకలో లేదు. "అబ్బ, ఈ యేడు చలి చంపుచున్నదమ్మా" అని ఒకరితో నొకరము చెప్పుకొందుము గాని, ఆ మాటలో బాధకంటె సంబరమే యెక్కువ.

నిజమునకు మన చలి యెంత? డిసెంబరు, జనవరి రాత్రులయందు సాధారణముగా 17, 18 డిగ్రీలు. 10 డిగ్రీలకు దిగిన రాత్రి వచ్చినచో దానిని పది యేండ్లు కథగా చెప్పుకొందుము. నీరు గడ్డకట్టుటకు సున్న డిగ్రీలు కావలయును గదా! ఇట్టి మనకు, ఆకాశమునుండి తెల్లని మంచు రాలి యింటికప్పులను ముంచివేయు సీమలవారు తమ చలికాలమును గూర్చి యేమనుకొందురో తెలిసికొనవలెనను కోరిక కలుగుట సహజము. మన పిల్లలు పలువురు అట్టి సీమలకే కాపురములు పోవుచున్న యీ దినములలో ఇది వట్టి కుతూహలము గాక, తల్లులకు అవసరమైన సంగతియే యైనది.

తెలుగున మనకు సామాన్యముగా మంచు అను ఒక్క మాటయే కలదు. గడ్డిపోచపై నిలిచిన బిందువు మంచే. తెల్లవాఱుజామున దారి కానరాకుండ క్రమ్మునది మంచే. హిమవంతముపై పేరుకొన్నదియు మంచే. అమరకోశమున తుహినము, ప్రాలేయము, నీహారము మొదలుగా ఏడు పేళ్లున్నవి. చూడని వస్తువునకు ఇన్ని పేళ్లేల యని చిన్ననాట వల్లెవేయునపుడు విసుగుకొనెడివారము. అయినను మా సీమలో మంచు అను ఆ మాట తక్కువది కాదు. నంద్యాల, కోవెలకుంట్ల ప్రాంతముల నల్లరేగడిలో అక్టోబరు, నవంబరు నెలలలో విత్తిన పప్పుసెనగయు తెల్లజొన్నయు పిమ్మట వానపై అంతగా ఆధారపడవు. రేగడి తన కడుపున దాచుకొన్న తేమయు, చలియు, రాత్రి కురియు మంచును వానిని పెంచునని మా రైతులందురు. పూర్వము దక్కనునందు సెనగచేలపై రాత్రి పలుచని గుడ్డ పఱచి, తెల్లవాఱి దానిని పిండి, ఆ పుల్లని నీటిని అజీర్తికి మందుగా దాచుకొనెడివారు. సెనగాకుపై నుండు పులుపు మంచులో కరగి గుడ్డకు చేరును. కావున మంచు మాకు కన్నులకు వేడుకయే గాక కంచములోనికి వచ్చు వస్తువును. ఈ సంగతి మనసునందుంచుకొన్నచో మంచుసీమలవారి హృదయము కొంత తెలియగలదు.

మొదట కాశ్మీరమును చూతము. అచ్చట డిసెంబరు 21వ తేదీ మొదలు 40 దినములు మిక్కిలి కఠినమైన చలి. దానికి చిల్లై కలాన్ అని పేరు. దాని వెనుక 20 దినముల చిన్నచలియు, 10 దినముల పసిచలియు వచ్చునని వారి లెక్క. ఆ దినములలో స్త్రీలును పురుషులును ఫెరన్ అను పొడవైన వదులు అంగీ తొడిగి, దానిలోపల కాంగడిని పట్టుకొందురు. కాంగడి యనగా బుట్టలో నమర్చిన నిప్పులపిడత. దారులు మూతపడి కూరలు రాని దినములలో ఏమి వండుదురనగా, అచ్చటి యిల్లాండ్రు వేసవిలోనే వంకాయలు, సొరకాయలు, టమాటాలు కోసి యెండబెట్టి దాచుకొందురు. ఈ సంగతి చదివినపుడు మా అటకమీది వంకాయ వరుగులును గోరుచిక్కుడు వరుగులును జ్ఞప్తికి వచ్చి మాకు నవ్వు వచ్చినది. ఎన్ని ఆమడల దూరమున నున్నను ఇల్లు నడుపు ఆడుదాని బుద్ధి ఒక్కటియే.

ఇంత శ్రమపెట్టు మంచును వారు తిట్టుకొందురా యనగా, అట్లు కాదు. మొదటి మంచు పడిననాడు ఒకరి కొకరు శుభము పలుకుదురు. మంచుముద్దను ఏదో వస్తువువలె పొట్లము కట్టి నేస్తురాలికి పంపుటయు, తెలియక పుచ్చుకొన్నవారు విందు చేయవలసి వచ్చుటయు అచ్చటి పాత వేడుక. ఏలయన, కొండలపై పేరుకొన్న ఆ మంచే వేసవిలో కరగి వారి కాలువలకును పొలములకును నీరగును. 2024 జనవరిలో మంచునకు పేరుపడిన గుల్మార్గు కొండలు చాల దినములు బోసిగా నుండెను. వాన లేని శ్రావణమున మనము ఆకాశమును చూచినట్లే అచ్చటివారును ఆ నెల ఆకాశమును చూచిరి.

లడఖు సంగతి యింకను గట్టిది. లేహ్ నగరమున ఏడాదికి పడు వాన సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే. కరవుసీమ యని పేరుపడిన మా కడపజిల్లాలో పడుదానిలో అది సుమారు ఏడవవంతు. అచ్చటి యవలును గోధుమలును మంచు కరగిన నీటితోనే పండవలెను. అయితే కొండమీది మంచు ఆలస్యముగా కరగును. విత్తుటకు నీరు ముందుగా కావలెను. ఈ చిక్కును తీర్చుటకు ఛెవాంగ్ నార్ఫెల్ అను ఇంజనీరు 1980వ దశకము చివర, చలికాలమున వ్యర్థముగా పోవు వాగునీటిని గ్రామముల చేరువ నిలిపి గడ్డకట్టించు ఉపాయము కనిపెట్టెను. 2015లో ఆయనకు పద్మశ్రీ యిచ్చిరి. సోనమ్ వాంగ్‌చుక్ 2013లో ఆ నీటిని నిలువుగా స్తూపమువలె గడ్డకట్టించుట ఆరంభించెను. ఎండ తగులు భాగము తక్కువగుటచే అది మెల్లగా కరగి విత్తనముల వేళకు నీరిచ్చును.

ఇది విన్నపుడు మాకు పోరుమామిళ్ల చెఱువు తోచినది. మా తుంగభద్రకును పెన్నకును పుట్టినింట మంచు లేదు, వానయే గతి. కావున మన పూర్వులు కట్టలు కట్టి వానను నిలిపిరి. కడపజిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెఱువు శాసనము 1369వ సంవత్సరపుది. ప్రతిదినము 1000 మంది కూలీలు, 100 బండ్లు, రెండు సంవత్సరములు పనిచేసినట్లును, మంచి చెఱువునకు 12 అంగములును 6 దోషములును ఉన్నట్లును అందు చెప్పబడినది. ఆ సీమలకు మంచు ఎట్టిదో, మన సీమకు చెఱువు అట్టిది. నిలువచేసిన కాలమును మనుష్యుడు ప్రేమించును. నిలువ లేని కాలమును భయపడును. వెలిబూడిద చల్లి మూతకట్టిన కందిపప్పు కుండను చూచుకొన్న యిల్లాలికి ఈ మాట వివరింపనక్కఱ లేదు.

ఒకే చలిని ఒకరు వెదకికొని పోవుదురు, ఒకరు తప్పించుకొన జూతురు. పందొమ్మిదవ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర మా యెండకు తాళలేక, మదనపల్లె సమీపమున సుమారు 4,000 అడుగుల యెత్తున నున్న ఏనుగు మల్లమ్మ కొండపై ఇల్లు కట్టుకొనెను. నేడు దానిని హార్స్‌లీ కొండలందుము. చలిసీమ జాతివానికి మా యెండలలో చలియే పుట్టినిల్లయి తోచెను కాబోలు. ఇక మన్యమునందు చింతపల్లి చేరువనున్న లంబసింగికి, కొన్ని యేండ్ల చలి సున్న డిగ్రీల సమీపమునకు దిగునని విని, జనము కార్లు కట్టుకొని పోవుచున్నారు. ఆ యూరికి కొఱ్ఱబయలు అను పేరును కలదు. రాత్రి బయట నుండినవాడు కొయ్యవలె బిగిసిపోవునని దాని భావమందురు. ఉన్నిటోపీ పెట్టుకొని ఒక్క ఉదయము చూచి వచ్చినవారు దానిని ఆంధ్ర కాశ్మీరమనిరి. అచ్చటనే ప్రతిరాత్రియు నెగడు ప్రక్కన బిడ్డను పొదువుకొని పరుండువారు పెట్టిన పేరు కొఱ్ఱబయలు. రెండు పేళ్లును నిజమే.

మన సాహిత్యమున మంచులో చిక్కుకొన్నవాడు ఒకడున్నాడు. కమలాపురము చేరువ కోకట గ్రామమును అగ్రహారముగా పడసిన అల్లసాని పెద్దన తన మనుచరిత్రమున ప్రవరుని కథ చెప్పెను. సిద్ధుడిచ్చిన పసరు పాదములకు పూసికొని ప్రవరుడు హిమాలయమునకు పోయెను. మొదట ఎటు చూచినను ఆశ్చర్యమే. మంచుకు పసరు కరగిపోయిన వెనుక ఆ వనములే, ఆ శిఖరములే అతనికి చెఱసాల లైనవి. కొండ మాఱలేదు, మంచు మాఱలేదు. ఇంటికి పోవు దారి మూసికొనినది. అప్పు డతడు కోరినది తన యింటి అగ్నిని. అగ్నియే అతనిని ఇల్లు చేర్చెను. ఈ కథను చిన్ననాడు చదివినపుడు వరూధినిమాటలే మనసున నిలిచినవి. ఇటీవల మా యింట జరిగిన ఒక సంగతి వలన ప్రవరుని దిగులు తెలిసినది.

మా చెల్లెలి కుమార్తె పెండ్లియై కెనడాలోని విన్నిపెగ్ నగరమునకు పోయెను. మొదటి మంచు పడిననాడు బయటికి పరుగెత్తి, అఱచేత పట్టి, నాలుకపై వేసికొని, ఆ ముచ్చటనంతయు ఫోనులో మాకు చూపెను. మేమందఱము చుట్టు చేరి చూచి మురిసితిమి. మఱుచటి యేడు శీతకాలమున ఆమెకు బిడ్డ పుట్టెను. తల్లికి వీసా సకాలమున రాలేదు. అచ్చట డిసెంబరులో సాయంకాలము నాలుగున్నరకే సూర్యుడస్తమించును. జనవరి రాత్రులు సున్నకు 20 డిగ్రీల దిగువనుండును. భర్త పనికి పోయిన వెనుక ఆమెయు పసిబిడ్డయు నాలుగు గోడలును. ఒకనాడు మాతో ఇట్లనెను: "పెద్దమ్మా, ఇచ్చట మంచు పడునపుడు చప్పుడే ఉండదు. మన వాన యయినచో తలుపు తట్టినట్లైన నుండును." మేము దానిని వేడుకమాట యనుకొని, "స్వర్గము చూచుచున్నావు, దిగులేమే?" యని నవ్వితిమి. ఆమె మఱి మాటాడలేదు. ఆ నవ్వును తలచుకొన్నచో నేటికిని మాకు సిగ్గగును.

ఆమెను తేర్చినది మేము కాము, ప్రక్కయింటి వృద్ధురాలు. ఆమె ఆ చలిలోనే పుట్టి పెరిగినది. ఒకయుదయము ఈ పిల్ల వాకిట మంచును పారతో త్రోసివేసి, తలుపు తట్టి, "బిడ్డను చుట్టుము, నడువవలెను" అనెనట. అది మొదలు ఎండ యున్న ప్రతి మధ్యాహ్నము అరగంట నడక. ఒక ఉన్నిబట్టకంటె రెండు మూడు పలుచని బట్టలు ఒకదానిపై నొకటి తొడుగుట మేలనియు, నున్నని గడ్డపై చిన్నయడుగులు వేయవలెననియు ఆమెయే నేర్పెను. వైద్యురాలికి తన దిగులు చెప్పుకొనుమని పట్టుబట్టినదియు ఆమెయే. వెలుతురు కొఱవడిన దినములలో మనసు క్రుంగుట యొక వ్యాధియని 1984లో నార్మన్ రోసెంతాల్ మొదలగు వైద్యులు వర్ణించిరి. ఉదయమున ప్రకాశవంతమైన దీపము నెదుట కూర్చుండుట దానికి చేయు చికిత్సలలో ఒకటి. బాలింత దిగులు దానికి తోడైనచో వైద్యసహాయము ఆలసింపరాదు. ఇది పిఱికితనమును కాదు, కృతఘ్నతయు కాదు.

సంక్రాంతినాడు ఆ పిల్ల హాలులో నేలమీద సుద్దతో ముగ్గు పెట్టి, రేగుపండ్లు దొరకక వేఱు చిన్నపండ్లతో బిడ్డకు భోగిపండ్లు పోసెను. ప్రక్కయింటి అవ్వ ఒక పిడికెడు తానును పోసినదట. ఆనాడు ఫోనులో ఆమె నవ్వు పాతనవ్వు.

సోదరీమణులారా! మంచుసీమలవారు తమ చలిని ప్రేమింతురా యని మేము మొదట నడిగితిమి. ఇంట నిప్పును, అటకపై నిలువయు, వాకిట పిలుచు మనుష్యులును ఉన్నచోట ప్రేమింతురు. లేనిచోట మనవలెనే భయపడుదురు. కావున పరసీమ నున్న మీ బిడ్డ మంచు బొమ్మలు పంపినపుడు మురియుడు, వెంటనే, "నేడు ఎవరితో మాటాడితివి? బయటికి పోయితివా?" యని యడుగుడు. మన వాకిటను గూడ చూడవలసినవారు కలరు. 17 డిగ్రీల రాత్రి మనకు వేడుక గాని, మందతోపాటు చేలో పరుండు గొఱ్ఱెలకాపరికిని, బస్సు స్టాండులోని ముదుసలికిని కంబళి లేనిచో అది కొఱ్ఱబయలే. చలికి గది తలుపులు బిగించి లోపల బొగ్గుల కుంపటి యుంచుకొని నిద్రించువారిని వారింపుడు. వాసన తెలియని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయును.

రేపు వేకువ ముగ్గు పెట్టునపుడు గడపదగ్గఱి గడ్డిపోచపై మంచుబిందువును చూడుడు. ఆ వేళకు విన్నిపెగ్‌లో సాయంకాలమై దీపములు పెట్టుచుందురు. మేము ముగ్గుగిన్నె దింపి ముందు ఆ పిల్లతో మాటాడి, పిదప కాఫీ పెట్టుకొనుచున్నాము.