పిల్లలు వినే పాటలు: తల్లిదండ్రుల అదుపు ఎంతవరకు?

"డాక్టరు గారూ, మా వాడికి ఎప్పుడు చూసినా పాటలే. ఫోను లాగేసుకోమంటారా?" చెవి, ముక్కు, గొంతు విభాగానికి వచ్చే తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఒక్కోసారి పక్కనే ఉన్న కుర్రవాడికి ఈ మాట వినిపించదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. కొందరి భయం పాటలోని మాటల గురించి, కొందరి భయం చదువు గురించి. చెవి గురించి అడిగేవారు మాత్రం తక్కువ. కాబట్టి ముందు చెవి సంగతి తెలుసుకుందాం.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో చిన్న భాగం ఒకటి ఉంది. దానిలో సుమారు 15,000 సున్నితమైన రోమ కణాలు ఉంటాయి. శబ్దాన్ని నరాల సంకేతాలుగా మార్చి మెదడుకు అందించే పని వీటిదే. పెళ్లి ఊరేగింపులో బాజాల పక్కన నడిచి ఇంటికి వచ్చాక చెవులు గుయ్‌మనడం, దిబ్బడ వేసినట్లు ఉండడం మనందరికీ అనుభవమే. అది ఈ కణాల అలసట. విశ్రాంతి దొరికితే చాలావరకు తేరుకుంటాయి. కానీ రోజూ అదే జరిగితే చనిపోతాయి. గోరు ఊడితే మళ్లీ వస్తుంది, చర్మం తెగితే మళ్లీ అతుక్కుంటుంది. ఈ కణాలు మాత్రం మనిషిలో తిరిగి పుట్టవు. పోయినవాటిని తిరిగి తెచ్చే మందు గాని ఆపరేషన్ గాని వైద్యుల చేతిలో లేదు.

శబ్ద తీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. అన్ని గంటలకు పిల్లల హద్దు 75 డెసిబెల్సే. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ క్షేమంగా వినగల సమయం సగానికి పడిపోతుంది. అలా 90 డెసిబెల్స్ దగ్గర పెద్దవారికే వారానికి 4 గంటలు, 100 దగ్గర సుమారు 20 నిమిషాలు మాత్రమే మిగులుతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టి వాల్యూమ్ పూర్తిగా పెంచితే చాలా ఫోన్లు 100 డెసిబెల్స్‌ను అందుకోగలవు. బస్సు ఇంజను మోతను మించి పాట వినాలని వాల్యూమ్ పెంచే విద్యార్థికి కాలేజీ చేరేలోగానే వారం కోటా అయిపోవచ్చు.

ఈ వినికిడి లోపం ఒక్కసారిగా బయటపడదు. మొదట సన్నని ధ్వనులు పోతాయి. స, ష, ఫ వంటి అక్షరాలు చెదిరిపోతాయి. గొంతు వినిపిస్తూనే ఉంటుంది, మాట అర్థం కాదు. మనమేమో పిలిస్తే పలకడం లేదని, పొగరెక్కిందని కోప్పడతాం.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ఉపవాస కూడికల్లో, క్రిస్మస్ పాటల బండి మీద, సండేస్కూలు పిల్లలను సరిగ్గా స్పీకర్ల ముందే కూర్చోబెడుతున్నాం. పాట ఎవరిని స్తుతించినా లోపలి చెవికి తెలిసేది డెసిబెల్సే.

ఇక పాటలోని మాటల సంగతి. సినిమాకు సెన్సారు సర్టిఫికెట్ ఉంటుంది, ఫోనులో విడిగా వినే పాటకు అలాంటి కాపలా లేదు. వెంటపడి వేధించడాన్ని ప్రేమ అనే పాటలు, తాగుడును మగతనంగా చూపే పాటలు మన భాషలోనూ ఉన్నాయి. నాలుగేళ్ల పాప వాటిని అర్థం తెలియకుండా పాడుతుంటే చుట్టాలు చప్పట్లు కొట్టడం నాకు నచ్చదు.

అమెరికాలో 1985లో ఈ విషయం సెనేట్ వరకు వెళ్లింది. అప్పటి సెనేటర్ ఆల్ గోర్ భార్య టిప్పర్ గోర్ తన కూతురి కోసం ప్రిన్స్ అనే గాయకుడి 'పర్పుల్ రెయిన్' ఆల్బమ్ కొన్నారు. ఇంట్లో దాన్ని వింటుంటే ఒక పాటలోని బూతు ఆమెను నివ్వెరపరచింది. ఆమె, మరికొందరు తల్లులు కలిసి చేసిన ఆందోళన ఫలితంగా ఆల్బమ్‌ల మీద తల్లిదండ్రులకు హెచ్చరిక చీటీలు వచ్చాయి. అయితే అసలు ఆ మాటలు ఆమెకు ఎలా తెలిశాయి? పాట ఇంట్లో పైకి మోగింది కాబట్టి. ఇయర్‌ఫోన్లలో మోగి ఉంటే పక్క కుర్చీలో ఉన్నా తెలిసేది కాదు.

అందుకే నేను తల్లిదండ్రులకు చెప్పేది, పాటను నిషేధించే ముందు ఇయర్‌ఫోన్లను తగ్గించమని. ఇంట్లో ఉన్నంతసేపు పాట హాల్లో, చిన్న శబ్దంతో, అందరికీ వినబడేలా మోగనివ్వండి. చెవికీ మంచిది, పిల్లలు ఏం వింటున్నారో మీకూ తెలుస్తుంది. (వార్డులో రోగి పక్కన మాత్రం ఇలా చేయవద్దని మనవి. నర్సమ్మలు నన్ను తిడతారు.) పదేళ్ల లోపు పిల్లలకు ఏ పాట వద్దో మీరే నిర్ణయించవచ్చు. పదిహేనేళ్ల వాడికి వద్దని ఊరుకుంటే సరిపోదు. స్నేహితుడి ఫోనులో వింటాడు. "ఈ పాటలో ఆ అమ్మాయి చోట మన చెల్లి ఉంటే?" అని అడిగి చూడండి.

ఇయర్‌ఫోన్లు తప్పనిసరైతే వాల్యూమ్ 60 శాతం దాటనివ్వకండి. చాలా ఫోన్ల సెట్టింగ్స్‌లో ఆ హద్దు పెట్టే వీలుంది. చేయి చాచినంత దూరం నుండి మామూలుగా పిలిస్తే పిల్లవాడికి వినిపించాలి. గంటకోసారి కాసేపు తీసివేయాలి. పెట్టుకుని నిద్రపోకూడదు.

సంగీతం వ్యాధి కాదు. సౌలు రాజు మనసు కలత చెందినప్పుడు దావీదు సితారా వాయించి నెమ్మది కలిగించిన సంగతి మనకు తెలుసు. బాధలో ఉన్న పిల్లలూ పాటలోనే ఊరట వెతుక్కుంటారు. కాబట్టి మీ బిడ్డ రాత్రంతా విషాద గీతాలే వింటూ, అన్నం మానేసి, స్నేహితులకు దూరమైతే పాటను తిట్టి ఫోను లాక్కోవద్దు. పాట ఆ బాధకు కారణం కాకపోవచ్చు, గుర్తు కావచ్చు. పక్కన కూర్చుని ఏమైందని అడగండి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

టీవీ శబ్దం పెంచుతూ పోవడం, "ఆ? ఏంటి?" అని పదేపదే అడగడం, నిశ్శబ్దంలో చెవిలో ఈల మోగుతోందని చెప్పడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వినికిడి పరీక్ష చేయించండి. నొప్పి ఉండదు, సూది ఉండదు. నిశ్శబ్దమైన గదిలో హెడ్‌ఫోన్ పెట్టి చిన్న చిన్న శబ్దాలు వినిపిస్తారు. వినబడినప్పుడల్లా పిల్లవాడు చేయి ఎత్తితే చాలు.