ఊరెళ్తున్నారా? స్కూటర్ బ్యాటరీ సంగతి చూశారా?

ఊరెళ్ళేముందు గ్యాస్ కట్టేస్తాం, కుళాయిలు బిగిస్తాం, ఆవకాయ జాడీకి వాసెన కడతాం. మరి వరండాలో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ మాటేమిటి? నేనైతే పట్టించుకోలేదు.

పోయినేడు మా అమ్మాయి పురిటికని బెంగుళూరు వెళ్ళి రెండు నెలలు ఉండిపోయాను. వెళ్ళేరోజు దాకా బజారు పనులకి తిప్పి, చార్జింగ్ అడుగంటిన బండిని అలాగే వదిలేశాను. తిరిగొచ్చేసరికి ఉలుకూ పలుకూ లేదు. చార్జర్ పెట్టినా ఎక్కలేదు. "బ్యాటరీ పూర్తిగా పోయిందమ్మా" అన్నాడు మెకానిక్. చీటీ కట్టి దాచుకున్న డబ్బంతా కొత్త బ్యాటరీకే పోయింది!

బండి కదలకపోయినా బ్యాటరీ కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుందట. లిథియం బ్యాటరీ మరీ అడుక్కి దిగితే లోపల పాడైపోతుంది. అలాగని నిండా చార్జింగ్ పెట్టి నెలల తరబడి వదిలేయడమూ మంచిది కాదు. దానికి ఎండ వేడి కూడా తోడైతే బ్యాటరీ త్వరగా సత్తువ కోల్పోతుంది.

అందుకే ఈ జాగ్రత్తలు తీసుకోండి.

* నాలుగైదు వారాలు బండి తీయకపోతే చార్జింగ్ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచండి. స్విచ్ ఆపి, చార్జర్ ప్లగ్గు తీసేయండి.

* పక్కింటి పిన్నిగారికి తాళంచెవి ఇచ్చి వెళ్ళండి. మొక్కలకి నీళ్ళు పోయడానికి వచ్చినప్పుడు నెలకోసారి బండి కూడా చూస్తారు. 30 శాతం కంటే తగ్గితే మళ్ళీ సగానికి ఎక్కించమనండి.

* బండి నీడలో, తడి తగలని చోట ఉండాలి. రేకుల షెడ్డు వేసవిలో కుంపటే! బ్యాటరీ విడిగా తీసే వీలుంటే ఇంట్లో చల్లని చోట గచ్చు మీద పెట్టండి. పొయ్యి దగ్గర, పడగ్గదిలో, గుమ్మానికి అడ్డంగా మాత్రం వద్దు.

* బ్యాటరీ ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా చార్జింగ్ పెట్టకండి. 2022లో మన దేశంలో ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకున్న వార్తలు వరసగా విన్నాం కదా! కంపెనీ మెకానిక్‌కే చూపించండి. ఇంట్లో విప్పే ప్రయత్నం చేయొద్దు.

ఒక్క విషయం మరిచిపోకండి. ఇన్వర్టర్‌కి వాడే సీసం, ఆసిడ్ బ్యాటరీది దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాన్ని నిండుగానే ఉంచాలి. తక్కువ చార్జింగ్‌తో వదిలేస్తే పలకల మీద తెల్లటి పొర గట్టిపడి పాడవుతుంది. కొన్ని పాత స్కూటర్లకీ ఈ రకమే ఉంటుంది. మీది ఏ రకమో బండితో ఇచ్చిన పుస్తకంలో చూసుకోండి. అందులో వేరేగా చెబితే దాని ప్రకారమే చేయండి.

ఈ వేసవికి మనవణ్ణి చూడటానికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి సగం చార్జింగ్‌తో, నీడలో ఉంచి వెళ్ళాను. తిరిగొచ్చి తాళం తిప్పగానే బండి కదిలింది. ఆ సాయంత్రమే కూరల బజారుకి వెళ్ళొచ్చాను. మీరూ ఈసారి ప్రయాణపు జాబితాలో బ్యాటరీని చేర్చుకోండి మరి!